పందికొక్కు ఖండాలు దాటింది!

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనూ, అశోక్ నగర్ హాస్టల్ గదుల్లోనూ గ్రూప్స్ కోసం కుస్తీ పడుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ వారం ఓ బిట్టు. ఇంగ్లిషులో ‘బాండికూట్’ అనే మాట ఏ భాష నుంచి వెళ్లింది? గైడ్లు తిరగేయక్కర్లేదు. అది అచ్చంగా మన పందికొక్కే! నాలా గట్లను బొరియలతో గుల్ల చేసే ఈ ఆసామి పేరును ఆంగ్లేయులు మన దగ్గరే అరువు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు మూతి జంతువొకటి కనబడితే దానికీ అదే పేరు తగిలించారు. నిజానికి దానికీ ఎలుకకూ చుట్టరికమే లేదు. అది కంగారూలాగా పిల్లను సంచిలో పెట్టుకుని సాకే జాతి.

పేరొక్కటే కాదు, మన ఎలుక కూడా ఓడెక్కింది. కోనసీమలో కొబ్బరి చెట్టెక్కి లేత కాయలు కొరికేసే నల్ల ఎలుక ఉంది చూశారూ, దాని వంశవృక్షాన్ని కెన్ ఆప్లిన్ బృందం డీఎన్‌ఏ సాయంతో పరిశీలించి 2011లో వివరాలు వెల్లడించింది. అందులో తేలినవి ఆరు శాఖలు. వాటిలో ప్రపంచమంతా పాకిన శాఖ పుట్టిల్లు మన దేశమేనట! ధాన్యం బస్తాల చాటున, ఓడ అడుగు అరల్లో దాక్కుని ఖండాలు దాటేసింది.

మరి ఓడలు లేని కాలంలో దీవులకు ఎలుకలు ఎలా చేరాయి? కొట్టుకొచ్చిన చెట్ల దుంగల మీద చేరి ఉంటాయంటారు. ఎప్పుడో లక్షల ఏళ్లకోసారి కొన్ని గట్టెక్కుతాయి. పోటీపడే జంతువులు పెద్దగా ఉండవు కాబట్టి కొండకొకటిగా, తిండికొకటిగా కొత్త జాతులవుతాయి. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవినే చూడండి. షికాగో ఫీల్డ్ మ్యూజియం శాస్త్రవేత్త లారెన్స్ హీనీ బృందం 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం అక్కడ గబ్బిలాలు కాని క్షీరదాలు 56 రకాలు. వాటిలో 52 ప్రపంచంలో మరెక్కడా లేవు. అందులో ఎక్కువ భాగం ఎలుకలే. ఒకటేమో చెట్ల మీద ఆకులు మేస్తూ రెండు కిలోలకు పైగా తూగుతుంది. ఇంకొకటి 20 గ్రాములైనా ఉండదు. వానపాములే ఆహారంగా బతికేవీ ఉన్నాయి.

అయితే ఒంటరి దీవిలో పెరిగిన ప్రాణికి బయటి రోగాలను తట్టుకునే అలవాటు ఉండదు. జావాకు దక్షిణాన ఉన్న క్రిస్మస్ దీవికి 1899లో ఒక ఓడ వచ్చింది. దాని పేరు ‘హిందుస్తాన్’. అందులోంచి దిగిన నల్ల ఎలుకలతో పాటు రోగక్రిమి కూడా వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే అక్కడి రెండు సొంత ఎలుక జాతులూ తుడిచిపెట్టుకుపోయాయి. మ్యూజియాల్లో దాచిన పాత చర్మాల్లోంచి డీఎన్‌ఏ తీసి 2008లో ఈ సంగతి నిర్ధారించారు. ఆ ఎలుకల్లో ఒకదాన్ని తిరిగి పుట్టించవచ్చా అని 2022లో మరో బృందం లెక్కేసి చూసింది. జన్యుపటంలో 95 శాతం దొరికింది. దొరకని కొద్ది భాగంలోనే వాసన పసిగట్టేవీ, రోగాలను ఎదుర్కొనేవీ ఉన్నాయి. అవి లేకుండా పుట్టించినా అది పాత ఎలుక కాదు. పోయింది పోయినట్టే!

ఇదంతా ఎక్కడో పరాయి దీవి గొడవ అనుకోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. విశాఖ నుంచి అక్కడికి ఓడ ప్రయాణం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఆ దీవులకూ సొంత ఎలుకలున్నాయి. అండమాన్ ఎలుకను అమెరికా శాస్త్రవేత్త గెరిట్ మిల్లర్ 1902లో లోకానికి పరిచయం చేశాడు. నికోబార్‌లోని ఒకదానికి ఇంగ్లిషులో ‘నాన్సెన్స్ ర్యాట్’ అని పేరు. పేరు చూసి నవ్వొచ్చినా, ఆ అడవి తప్ప దానికి వేరే ఇల్లు లేదు. మన ఊరి ఎలుక అక్కడికీ చేరిపోయింది.

వినాయకుడి వాహనమని దండం పెడతాం, బియ్యం డబ్బా దగ్గర కనబడితే కర్ర తీస్తాం. రెండూ మామూలే. కానీ బంధువులకని దీవులకు పంపే బస్తానూ, పార్శిలునూ ఓసారి దులిపి, కన్నాలున్నాయేమో చూసి కట్టడం మన చేతిలో పని. మనకది చిన్న జాగ్రత్త, అక్కడో జాతికి ఆయుష్షు!