ఆడలేక మద్దెల ఓడన్న జకార్తా

2025 జనవరిలో మన గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన ఇండోనేషియా అధ్యక్షుడు ప్రబోవో సుబియాంతోకు రాష్ట్రపతి భవన్‌లో విందు జరిగినప్పుడు ఒక చిన్న ముచ్చట చోటు చేసుకొన్నది. అధ్యక్షుని వెంట వచ్చిన మంత్రులూ ప్రతినిధులూ వరుసగా నిలబడి ‘కుఛ్ కుఛ్ హోతా హై’ అనే హిందీ చలనచిత్రంలోని పాటను గొంతెత్తి పాడారు. ఆ పర్యటనలో కుదిరిన అవగాహన పత్రాలను మరునాటికే మరచిపోయినవారు కూడా ఆ పాటను మరవలేదు. సెల్‌ఫోన్ తెరల మీద అది రెండు దేశాలలోనూ తిరిగింది. సంయుక్త ప్రకటనలు పాడవు, ఆడవు. కనుక ఢిల్లీలో దౌత్య వార్తలు రాసుకొనే మాబోటివాళ్ళమూ ఆ రాత్రి సంతోషించాము.

ఆ సంతోషం మధ్య నాకు 1950 గుర్తుకు వచ్చింది. మన మొట్టమొదటి గణతంత్ర దినోత్సవానికి వచ్చిన అతిథి కూడా ఇండోనేషియా అధ్యక్షుడే. ఆయన సుకర్ణో. ఆ సుకర్ణో పాలనలోనే పాట పాడినందుకు గాయకులు జైలుకు వెళ్ళారు. ఇక ప్రబోవో ఢిల్లీ నుంచి తిరిగి వెళ్ళిన కొద్ది నెలలకే, నాట్యం చేసిన పార్లమెంటు సభ్యుల మీద జనం మండిపడి కొందరి ఇళ్ళను లూటీ చేశారు. పాటకూ పీఠానికీ మధ్య ఆ దేశంలో సాగుతున్న ఈ తగవు ఏమిటి? అందులో మనం తెలుసుకోదగినది ఏమైనా ఉన్నదా? ఈ వారం ఆ సంగతి విచారిద్దాము.

సుకర్ణో 1959 స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో పాశ్చాత్య రాక్ సంగీతాన్ని ‘ఙక్ ఙిక్ ఙోక్’ అని వెక్కిరించారు. వలస పాలన నుంచి బయటపడిన జాతికి తనదైన సంస్కృతి ఉండాలన్నది ఆయన ఆశయం. ఆశయం మంచిదే. కాని ఆ ఆశయం పేరిట 1965లో కూస్ సోదరుల బృందాన్ని, బీటిల్స్ బాణీలు వాయించారన్న నేరం మీద, మూడు నెలల పాటు జకార్తాలోని గ్లోదోక్ జైలులో ఉంచారు. ఇది చదివి మనం నవ్వుకోనవసరం లేదు. 1952లో మన సమాచార, ప్రసార శాఖ పగ్గాలు చేపట్టిన కేస్కర్‌గారు ఆకాశవాణి నుంచి సినిమా పాటలను దాదాపు వెళ్ళగొట్టారు. శ్రోతలు మారు మాట్లాడక రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పుకొన్నారు. చివరకు 1957లో వివిధభారతి స్థాపించి, వెళ్ళగొట్టిన పాటలనే మళ్ళీ ఇంటికి పిలుచుకోవలసి వచ్చింది.

మన ప్రభుత్వం ముఖం చాటేసిన ఆ పాటలే సముద్రం దాటి జావాకు పిలవని పేరంటానికి వెళ్ళాయి. అక్కడి మలయ వాద్యబృందాలు హిందీ చిత్రాల బాణీలను అందుకొని, అరబ్బు సంగీతపు పోకడలను కూడా కలుపుకొని ఒక కొత్త సంగీతాన్ని తయారుచేశాయి. ఎల్యా ఖాదం అనే గాయనికి పేరు తెచ్చిన పాట శీర్షికకు అర్థమే ‘భారతదేశపు బొమ్మ’. తబలా వంటి మద్దెల మీద పలికే ‘దంగ్’, ‘దుత్’ అనే రెండు చప్పుళ్ళను కలిపి ఈ సంగీతానికి దంగ్‌దుత్ అని పేరు పెట్టారు. పెట్టినది మెచ్చుకొని కాదు, హేళనకు. చదువుకొన్న నగరవాసులకు అది కూలిజనం సంగీతం, మురికివాడల సంగీతం. 1970 దశకంలో రోమా ఇరామా అనే గాయకుడు తన సోనెతా బృందంతో దానికి విద్యుత్ గిటారు జోడించి, ఆ హేళన పేరునే కిరీటంగా ధరించాడు. ‘దంగ్‌దుత్ రాజు’ అని ప్రజలు ఆయనను నేటికీ పిలుస్తారు.

పాలకుల చేతిలో అప్పటికి టెలివిజన్ ఉన్నది. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల కోసం స్థాపించిన ప్రభుత్వ సంస్థ అది. ఆ క్రీడలలోనే మన హైదరాబాదు రహీంగారి శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణపతకం గెలిచిన సంగతి పాఠకులకు తెలిసినదే. 1977 ఎన్నికలలో రోమా ఇరామా సుహార్తో ప్రభుత్వ పక్షాన్ని కాదని ప్రతిపక్షమైన ఇస్లామిక పార్టీ తరఫున పాడాడు. ఫలితంగా ఏళ్ళ తరబడి ప్రభుత్వ టెలివిజన్‌లో ఆయన ముఖం కనిపించలేదు. అయినా క్యాసెట్లు ఆగలేదు, మైదానాలు నిండక మానలేదు. ఆయనను ఆపలేమని తెలిసిన తరువాత పాలకులు చేయి చాచారు. 1997 నాటికి ఆయన పాలకపక్షమైన గోల్కార్ వేదిక మీదనే ఉన్నాడు. మొదట నిషేధించు, అది కుదరకపోతే నెత్తిన పెట్టుకో. ఇదీ జకార్తా పద్ధతి. ఈ పద్ధతి ఎంత గట్టిదంటే, పీఠం మీద ఎవరు మారినా అది మారలేదు.

ఒకప్పుడు నిషేధానికి గురైనవాడే మరొకరి నిషేధాన్ని కోరడం ఈ కథలోని విషాదం. 2003లో తూర్పు జావా నుంచి ఇనుల్ దరతిస్తా అనే యువతి పైకి వచ్చింది. ఆమెను పైకి తెచ్చినది ప్రభుత్వ టెలివిజన్ కాదు, పెద్ద సంగీత కంపెనీ కాదు. పల్లెటూరి వేదికల మీద ఆమె పాడుతూ ఆడిన దృశ్యాలను ఎవరో వీడియో డిస్కులకు ఎక్కించి వీధులలో అమ్మారు. దేశమంతా చూసిన తరువాతనే టెలివిజన్ వారు ఆమెను పిలిచారు. ఆమె నాట్యం మత మర్యాదకు విరుద్ధమని అందరికంటె గట్టిగా ఖండించినవాడు రోమా ఇరామా. ఆమె పక్షాన నిలిచినవాడు మాజీ అధ్యక్షుడు, ముస్లిం మతపెద్ద కూడా అయిన అబ్దుర్రహ్మాన్ వాహిద్. మతం పేరిట ఖండించినవారూ ఉన్నారు, మతపెద్దగా ఉంటూనే సమర్థించినవారూ ఉన్నారన్నది ఇక్కడ మరువరాదు. యూట్యూబు అనేది పుట్టకముందే, అనుమతి లేకుండా జనం మధ్యకు వెళ్ళే దారి ఒకటి ఉన్నదని ఆ డిస్కులు చూపించాయి.

2011లో జరిగిన సంగతి మనకు మరీ దగ్గరిది. గొరొంతలోలో సాయుధ పోలీసు దళానికి చెందిన నార్మన్ కమారు అనే యువకుడు, విధి నిర్వహణలో ఉండగా యూనిఫారంలోనే, మణిరత్నం చిత్రం ‘దిల్ సే’లోని ‘ఛయ్య ఛయ్య’ పాటకు పెదవులు కదిలిస్తూ చేతులు ఊపుతూ అభినయించాడు. తోటివాడిని నవ్వించడానికి చేసిన ఆ పని యూట్యూబుకు ఎక్కింది. అధికారులు శిక్ష గురించి ఆలోచించారు. ప్రజలు మాత్రం మురిసిపోయారు. దానితో అధికారులు మాట మార్చి అతనిని వేదికల మీదకు ఎక్కించారు. అతడు ఆ వెలుగును నమ్మి, పాటలే జీవనమనుకొని విధులకు దూరమైనప్పుడు, ఆ ఏడాది గడవకముందే ఉద్యోగం నుంచి బర్తరఫ్ చేశారు. ఆ యువకుని తప్పు లేదని నేను అనను. అయితే శిక్ష, సన్మానం, మళ్ళీ శిక్ష, ఇవన్నీ ఒకే ఏడాదిలో ఒకే మనిషికి ఇచ్చిన వ్యవస్థకు ఒక నియమం ఉన్నదని కూడా అనలేను.

ఆ తరువాత వచ్చినది టిక్‌టాక్. 2018 జూలైలో అశ్లీలత, దైవదూషణ ఆరోపణల మీద ఇండోనేషియా ప్రభుత్వం దానిని మూసివేసింది. దృశ్యాలను వడపోసే సిబ్బందిని నియమిస్తామని కంపెనీ ఒప్పుకొనగానే, వారం రోజుల వ్యవధిలో తెరిచింది. ఆరేళ్ళు తిరగకుండా అదే టిక్‌టాక్ అధ్యక్ష పీఠానికి నిచ్చెన అయింది. ప్రబోవో సామాన్యుడు కాడు. సుహార్తోకు ఒకనాటి అల్లుడు, ప్రజాస్వామ్య కార్యకర్తల అపహరణ వ్యవహారంలో 1998లో సైన్యం నుంచి తొలగించబడిన సేనాని. 2014లోనూ 2019లోనూ ఓడిపోయాడు. 2024లో ఆయన గర్జించడం మాని గంతులు వేశాడు. బుగ్గలు ఉబ్బిన బొద్దు తాతయ్యగా కార్టూను బొమ్మలు వెలిశాయి. ‘గెమోయ్’ అంటే ముద్దొచ్చే బొద్దు మనిషి అని అక్కడి యువతరం మాట. 1998ని ఎరుగని ఓటర్లు ఆ తాతయ్యను చూశారు. మొదటి విడతలోనే సుమారు 58 శాతం ఓట్లతో ఆయన గెలిచాడు.

నాట్యం చేసి గెలిచినవారికి నాట్యమే ఎదురు తిరుగుతుందని ఎవరు అనుకొన్నారు? 2025 ఆగస్టు 15న పార్లమెంటు వార్షిక సమావేశం ముగింపులో వాద్యబృందం పాట ఎత్తుకోగానే కొందరు సభ్యులు లేచి ఆడారు. ఇతర సమయాలలో అది ఎవరికీ పట్టేది కాదు. కాని సభ్యులకు ఇంటి అద్దె భత్యం కిందనే నెలకు 5 కోట్ల రుపియాలు అందుతున్నాయని అప్పుడే బయటపడింది. అది జకార్తా కనీస వేతనానికి దాదాపు 10 రెట్లు. భత్యం అంకె పక్కన నాట్యం దృశ్యం పెట్టి చూసినవారికి, తమ దారిద్ర్యం మీద వారు చిందులు వేస్తున్నట్లే తోచింది. హాస్యనటుడుగా పేరు తెచ్చుకొని పార్లమెంటుకు వెళ్ళిన ఒక సభ్యుడు, విమర్శలకు జవాబుగా మరొక వెక్కిరింపు దృశ్యాన్ని వదిలి నిప్పుకు నెయ్యి పోశాడు. ఆగస్టు 25న నిరసనలు మొదలైనాయి. 28వ తేదీ రాత్రి సాయుధ పోలీసుల కవచ వాహనం కింద పడి ఒక మోటారు సైకిల్ టాక్సీ నడిపే యువకుడు మరణించాడు. ఒకనాడు ఒక జవాను పాటతో దేశాన్ని నవ్వించిన దళం వాహనమే అది. ఆ దృశ్యమూ సెల్‌ఫోన్లలో దేశమంతా చూసింది. తరువాతి రోజులలో భవనాలు తగలబడ్డాయి, మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ భత్యాన్ని రద్దు చేయక తప్పలేదు.

అప్పుడు ప్రభుత్వానికి మళ్ళీ పాత జబ్బు తిరగబెట్టింది. నిరసనలు ముమ్మరంగా ఉన్న ఆగస్టు 30న టిక్‌టాక్ కంపెనీ తన ప్రత్యక్ష ప్రసార సౌకర్యాన్ని కొన్ని రోజుల పాటు నిలిపివేసింది. ఆ ప్రసారాల మీదనే సరుకులు అమ్ముకొని బతికే చిన్న వర్తకులు ఆ కొద్ది రోజులూ నష్టపోయారు. అక్టోబరులో, నిరసనల నాటి ప్రసారాల వివరాలు పూర్తిగా ఇవ్వలేదంటూ ప్రభుత్వం కంపెనీ అనుమతిని నిలిపివేసి, వివరాలు చేతికి అందగానే పునరుద్ధరించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నది ఈ వ్యవహారం. మంటకు కారణం భత్యం, పోలీసు వాహనం. విచారణ మాత్రం తెర మీద!

అవతలి వాదనలో పస లేదని నేను అనడం లేదు. అదే ఆగస్టులో, ఉపాధ్యాయులు దేశానికి భారమని ఆర్థికమంత్రి శ్రీ ముల్యాని అన్నట్లు ఒక దృశ్యం ప్రచారమైంది. అది యంత్రం సృష్టించిన బూటకమని ఆమె చెప్పింది. అయినా ఆమె ఇంటిని కూడా లూటీ చేశారు. నిరసనకారుల ఆగ్రహానికి గురైన సభ్యులలో కనీసం ఒకరిని పార్లమెంటు నైతిక విచారణ సంఘం తరువాత నిర్దోషిగా తేల్చింది. దహనమైన ఇల్లు, దోచుకుపోయిన సామాను తీర్పుతో తిరిగి రావు. జనం చూపు ఎప్పుడూ న్యాయమైనదే అనుకొంటే అది మరొక మూఢనమ్మకం. పైగా ఈ తెర జనం సొత్తు కూడా కాదు. ఏది పైకి తేవాలో ఏది అడుగున పడవేయాలో నిర్ణయించేది లాభం చూసుకొనే విదేశీ కంపెనీ.

అయితే మందు ఏమిటి? అబద్ధాన్ని అబద్ధమని వెంటనే నిరూపించగల నిజాయితీ గల వార్తాసంస్థలు, దోషం చేసినవానిని మాత్రమే పట్టుకొనే స్పష్టమైన చట్టం, తీర్పు చెప్పే స్వతంత్ర న్యాయస్థానం. 2024లో జకార్తాలో తయారైన ప్రసార చట్టం సవరణ ముసాయిదా దీనికి సరిగ్గా విరుద్ధంగా నడిచింది. పరిశోధనాత్మక కథనాల ప్రసారాన్ని నిషేధించాలని, అంతర్జాలంలోని దృశ్యాలను కూడా ప్రసార సంఘం కిందకు తేవాలని అది తలపెట్టింది. విలేఖరులు వీధుల్లోకి వచ్చి ప్రతిఘటించారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

ఇదంతా పరాయి ఇంటి కథ అనుకొనే పాఠకునికి ఒక మాట. అదే 2024లో ఢిల్లీలోనూ ప్రసార సేవల బిల్లు ఒకటి చేతులు మారింది. సెల్‌ఫోన్ ముందు కూర్చుని వార్తల మీద వ్యాఖ్యానించే ఒంటరి మనిషిని సైతం ప్రసార సంస్థతో సమానంగా నియంత్రించే అంశాలు అందులో ఉన్నాయని అలజడి చెలరేగగా, ఆగస్టులో ఆ ముసాయిదాను వెనుకకు తీసుకొన్నారు. 2020 జూన్‌లో సరిహద్దు ఘర్షణ తరువాత, దేశ భద్రత దృష్ట్యా టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను మన ప్రభుత్వం నిషేధించింది. భద్రత కారణం తోసిపుచ్చదగినది కాదు. కాని పొలం గట్టు మీద నిలబడి ఆడి పాడిన మన తెలుగు పల్లెల ఆడపడుచులు, కూలీలు ఒక్క రాత్రిలో తమ ప్రేక్షకులను పోగొట్టుకొన్నారు. వారి పక్షాన ఈ నగరంలో ఎవరూ మాట్లాడినట్లు నాకు గుర్తు లేదు. నేనూ ఆ వారం సరిహద్దు గురించే రాశాను. ఆ లోపం ఒప్పుకొంటున్నాను.

జకార్తా మండడానికి కొద్ది వారాల ముందు, సుమాత్రాలోని రియావు రాష్ట్రం నుంచి మరొక దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. మన కేరళ పడవ పందేల వంటివే అక్కడి పాచు జలూర్ పందేలు. పొడవాటి పడవ ముక్కు మీద నిలబడి, పదకొండేళ్ళ బాలుడు ఒకడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, తొణకకుండా బెణకకుండా చేతులు తిప్పుతూ తెడ్డు వేసేవారిని ఉత్సాహపరిచాడు. ఐరోపా ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఆ భంగిమను అనుకరించారు. రాష్ట్ర గవర్నరు వెంటనే బాలుని పర్యాటక రాయబారిగా ప్రకటించారు. పద్ధతి ఎరిగినదే. ఆ బాలుని ఎవరూ తయారుచేయలేదు, ఎవరి అనుమతితోనూ అతడు ఆడలేదు. తరతరాలుగా ఆ నదిలో అలాగే ఆడుతున్నారు.

పాలకులకు జనం పాటను కనిపెట్టే శక్తి లేదు, ఆపే శక్తీ లేదు. 1959లో తెలియనిది 1977లోనైనా తెలియాలి, 1977లో తెలియనిది 2025లోనైనా తెలియాలి. రాష్ట్రపతి భవన్‌లో ఆ రాత్రి పాడిన మంత్రుల గొంతులలో ఇంచుమించు 70 ఏళ్ళ క్రితం మన పాలకులు ఆకాశవాణి నుంచి వెళ్ళగొట్టిన సంగీతపు సంతతి పలికింది. ఆ విందులో చప్పట్లు కొట్టిన ఇరువైపుల పెద్దలకూ ఆ సంగతి తట్టిందో లేదో! తట్టి ఉంటే, తమ బల్లల మీద ఉన్న ముసాయిదాలను మరొకసారి చదువుకొని ఉండేవారు.