పాత ఓమ్నీ ఎఫ్‌సీకి నిలబడుతుందా? లెక్క ఉంది, మనకే చూపించరు

హోసూరు చుట్టుపక్కల పాత బండి కొనే మనవాళ్లు ఎన్‌వోసీ కాగితాలు నింపించుకోవడానికి మా సంఘం ఆఫీసుకు వస్తుంటారు. కేఏ నంబరు బండి కొని టీఎన్‌కు మార్చుకునేవాళ్లు కొందరు, కుప్పం వైపు నుంచి ఏపీ నంబరు తెచ్చుకునేవాళ్లు కొందరు. ఫారాలు నింపుతుండగానే దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఈ మోడల్ ఎఫ్‌సీకి నిలబడుతుందా?" ఎక్కువగా ఈ ప్రశ్న మారుతీ ఓమ్నీ గురించే వస్తుంది. పూలు, కూరగాయలు మార్కెట్టుకు వేసుకెళ్లాలన్నా, పెళ్లికి పదిమందిని ఎక్కించాలన్నా (ఎక్కించకూడదు, అయినా ఎక్కిస్తారు) చిన్న సంపాదన ఉన్నవాడి చేతికి అందే బండి అదే. 2019లో దాని తయారీ ఆగిపోయింది. ఇకపై దొరికే ప్రతి ఓమ్నీ పాతదే.

ఈ ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పే ఆధారం కొనేవాడి చేతిలో లేదు. అలాగని ఆ ఆధారం ఎక్కడా లేదనుకుంటే పొరపాటు. అది ప్రభుత్వ కంప్యూటర్లలో ఏటికేడు పేరుకుంటూనే ఉంది. మా ఫిర్యాదు దాని గురించే.

పదేళ్ల కిందట ఈ ప్రశ్నకు ఇంత బరువు లేదు. పదిహేనేళ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి కేంద్రం నిర్ణయించిన రుసుము రూ.600 ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది రూ.5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారుకు రూ.10,000 చేశారు. అదే ఏడాది నవంబరులో ఫిట్‌నెస్ పరీక్ష రుసుములకు 10, 15, 20 ఏళ్ల మెట్లు పెట్టి, ఇరవై ఏళ్లు దాటిన లారీకి, బస్సుకు రూ.25,000 దాకా తీసుకెళ్లారు. గడువు దాటితే అదనం, రాష్ట్రం వేసే గ్రీన్ టాక్స్ వేరు, బ్రోకరు చేతి ఖర్చు వేరు. లక్ష లోపు పెట్టి కొన్న బండి పరీక్షలో పోతే టింకరింగుకు, బ్రేకులకు మళ్లీ ఎంత అవుతుందో మెకానిక్ కూడా ముందుగా చెప్పలేడు. పాత బండ్లు తగ్గాలన్న ఉద్దేశాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ రుసుము బండి వయసును చూసి వేస్తున్నారు, బండి స్థితిని చూసి కాదు. స్థితి ఏమిటో తెలుసుకునే దారి కొనేవాడికి ఇవ్వకుండా వయసుకు జరిమానా వేస్తే, ఆ భారమంతా చివరగా కొన్నవాడి నెత్తిన పడుతుంది. చివరగా కొనేవాడు ఎప్పుడూ అందరికంటే తక్కువ ఉన్నవాడే.

ఇప్పుడు కొనేవాడు చూస్తున్నదేమిటి? ఆర్సీలోనో ఎంపరివాహన్ యాప్‌లోనో ఫిట్‌నెస్ ఫలానా తేదీ వరకు ఉందని చూసి ధైర్యపడతాడు. వైట్ బోర్డు బండి విషయంలో ఆ తేదీ బండి గురించి ఏమీ చెప్పదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. యాప్‌లో కనిపించే తేదీ ఆ పదిహేను కూడిన కూడిక, అంతే. ఆ పదిహేనేళ్లలో ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ బండి కిందికి వంగి చూడాల్సిన పని లేదు. చేతులు మారినప్పుడు కాగితాలు మారతాయి. రాష్ట్రం మారినప్పుడు చాసిస్ నంబరు సరిచూస్తారు, అది బ్రేకులకు పెట్టే పరీక్ష కాదు. పొగ సర్టిఫికెట్టు ఒక్కటే మధ్యలో వచ్చేది, అదీ పొగ వరకే.

ఎల్లో బోర్డు సంగతి వేరు. 2018 నవంబరు నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చూపించాలి. ఇక్కడ ఒక వింత ఉంది. ట్యాక్సీగా తిరిగిన బండి అంటే మనవాళ్లు భయపడతారు, సొంతానికి వాడిన బండి అంటే ఎగబడతారు. నిజానికి పరీక్ష జరిగిన రికార్డు ఉన్నది మొదటిదానికే. రెండోదాని గురించి ఉన్నదల్లా అమ్మేవాడి మాట.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారు ఏటా ఎంవోటీ అనే పరీక్షకు వెళ్లాలి. 1960లో పదేళ్లు దాటిన కార్లతో మొదలుపెట్టి, 1967 కల్లా ఆ వయసును మూడేళ్లకు దించారు. అక్కడ ఏ కారు నంబరైనా ప్రభుత్వ వెబ్‌సైటులో కొడితే ఎప్పుడు పరీక్షకు వెళ్లింది, పాసయిందా, ఫెయిలైతే దేనివల్ల, ఆ రోజు మీటరు ఎంత చూపించింది, అన్నీ పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. మీటరు తిప్పి అమ్మే మోసం ఈ ఒక్క ఏర్పాటుతో చాలావరకు బయటపడుతుంది. ఇంకా ముఖ్యమైనది, యజమానుల వివరాలు తీసేసి మొత్తం పరీక్షల ఫలితాలనే బయట పెడతారు. ఫలానా మోడల్ పదేళ్ల వయసులో నూటికి ఎన్ని పాసవుతున్నాయో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. జర్మనీలో పరీక్షలు చేసే ట్యూఫ్ సంస్థలు ఏటా ఒక నివేదిక వేస్తాయి. అందులో వయసు వారీగా ఏ మోడల్లో లోపాలు ఎక్కువో, ఏ మోడల్లో తక్కువో వరుసగా ఉంటుంది.

ఆ వరుసలను కళ్లు మూసుకుని నమ్మమని మేము చెప్పడం లేదు. పాస్ శాతం బండినే కాదు, బండిని వాడినవాడిని కూడా కొలుస్తుంది. ఖరీదైన కారు యజమాని వేళకు సర్వీసు చేయించి పరీక్షకు తీసుకెళ్తాడు. చవక కారు మూడో యజమాని బల్బు కూడా మార్చకుండా వెళ్తాడు. రెండూ ఒకే శాతం తెచ్చుకోవు. అందుకే శాతంతోపాటు దేనికి ఫెయిలైందో కూడా కావాలి. లైటు గురి తప్పి ఫెయిలైన బండి సాయంత్రానికి బాగవుతుంది. అడుగు రేకు తుప్పుపట్టి ఫెయిలైన బండి సంగతి అలా ఉండదు.

ఓమ్నీని ఈ కంటితో చూద్దాం. మేము మెకానిక్కులం కాము, కానీ కాగితాల కోసం వచ్చినవాళ్ల నోట పదేపదే విన్నవి, బండి నిర్మాణాన్ని బట్టి ఎవరికైనా అర్థమయ్యేవి కొన్ని ఉన్నాయి. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. నడిచేవి వెనక చక్రాలు. ఇంజను మొరాయించేది తక్కువ, స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఎఫ్‌సీలో ఇబ్బంది వచ్చేది ఇంజనుతో కాదు. వెనక యాక్సిల్ ఆయిల్ సీలు కారితే ఆ నూనె డ్రమ్ములోని లైనర్ల మీదికి చేరుతుంది. ఒక చక్రం పట్టుకుంటుంది, రెండోది జారుతుంది. నడిపేవాడికి ఇది తెలియకపోవచ్చు. రోలర్ల మీద చక్రాలు పెట్టి కొలిచే యంత్రానికి మాత్రం ఎడమకూ కుడికీ ఉన్న తేడా వెంటనే తెలిసిపోతుంది. హ్యాండ్ బ్రేకూ అంతే. జారుడు తలుపు కింది పట్టా, చక్రాల పైన వంపులు, కాళ్ల కింది అడుగు రేకు తుప్పుకు ఆనవాళ్లు. ఈ బండికి లారీలా వేరే చాసిస్ ఫ్రేము లేదు, రేకు శరీరమే దాని ఎముక. కాబట్టి తుప్పును అందానికి సంబంధించిన విషయం అనుకోకూడదు.

దీన్నిబట్టి ఒకే మోడల్ ఊరును బట్టి వేరే బండి అవుతుంది. మా హోసూరు, కోలారు వైపు పొడి మెట్ట ప్రాంతం. యానాం, బరంపురం వైపు సముద్రపు గాలి తగులుతుంది. ఒకే ఏడాది తయారైన రెండు ఓమ్నీల్లో ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ తిరిగి ఉంటే, అడుగు రేకుల్లో తేడా కనబడుతుంది. పైన రంగు కొత్తగా వేయించిన బండిని తీర ప్రాంతం నుంచి తెచ్చుకునేవాళ్లు ముందు మ్యాట్లు ఎత్తి చూడాలి.

పొగ పరీక్షలోనూ ఊరు లెక్కలోకి వస్తుంది. 2010లో దేశమంతా బీఎస్-3 వచ్చినప్పుడు పదమూడు నగరాల్లో మాత్రం బీఎస్-4 పెట్టారు. వాటిలో బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ముంబయి, పుణెతోపాటు మన పద్మశాలీలు తరతరాలుగా ఉంటున్న షోలాపూరు కూడా ఉంది. మిగతా దేశానికి బీఎస్-4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో. పెట్రోలు కారు ఐడిలింగులో వదిలే కార్బన్ మోనాక్సైడు బీఎస్-4 అయితే 0.3 శాతం, బీఎస్-2, బీఎస్-3 అయితే 0.5 శాతం దాటకూడదు. ఇంకా పాత కార్బొరేటర్ బండ్లకు 3 శాతం దాకా వదిలేశారు. అంటే 2012లో షోలాపూరులో కొన్న కారుకు, అదే ఏడాది బరంపురంలో కొన్న కారుకు గీత ఒకటి కాదు. ఆర్సీలో బీఎస్ ఏమిటో చూడకుండా "పొగ ఎక్కువేం లేదులే" అనుకుని కొంటే పరీక్ష దగ్గర తెలుస్తుంది. గ్యాసు కిట్టు ఉంటే అది ఆర్సీలో ఎక్కిందా, సిలిండరు పరీక్ష గడువులో ఉందా అన్నది మరో మెలిక. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకోసారి ఆ పరీక్ష జరగాలి.

ఇదంతా విని బేరం మానుకున్నవాళ్లూ ఉన్నారు, ధర తగ్గించి కొన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఇది మా అనుభవం చెప్పే మాటే తప్ప లెక్క కాదు. నూరు ఓమ్నీల్లో ఎన్ని బ్రేకులకు ఫెయిలవుతున్నాయి, ఎన్ని తుప్పుకు, ఎన్ని లైట్లకు? ఈవెంతవరకు మేలు? ఇవి చెప్పాల్సింది సంఘం సెక్రటరీలు కాదు.

చెప్పగలిగే యంత్రాంగం ఇప్పుడు వచ్చింది. 2021 సెప్టెంబరులో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నియమాలు వచ్చాయి. రవాణా వాహనాలను మనిషి కంటితో కాక యంత్రాలతో పరీక్షించాలన్నది వాటి సారాంశం. పెద్ద లారీలు, బస్సులకు 2023 ఏప్రిల్ 1 నుంచే తప్పనిసరి అన్నారు, తర్వాత 2024 అక్టోబరుకు జరిపారు. ఆ వాయిదాల కథ మనకు కొత్త కాదు. అయినా స్టేషన్లు పెరుగుతున్నాయి. బ్రేకు ఎంత పట్టింది, లైటు ఎటు పడింది, పొగ ఎంత అన్నవి అక్కడ అంకెలుగా నమోదై కేంద్ర డేటాబేసుకు చేరతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు రోజుల్లో "పాస్" అన్న ఒక్క సంతకం మిగిలేది. ఇప్పుడు అంకె మిగులుతోంది. నంబరు, పేరు, చిరునామా తీసేసి మోడల్, తయారీ సంవత్సరం, మీటరు, జిల్లా, ఫెయిలైన అంశం మాత్రం ఉంచి ఏటా బయట పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు.

వైట్ బోర్డు బండ్ల సంగతి కూడా తేల్చాలి. పదిహేనేళ్లదాకా పరీక్షే లేకపోవడం మాకు సరిగా అనిపించడం లేదు. ఏటా వద్దు, బ్రిటన్‌లా మూడేళ్లకూ వద్దు. చేతులు మారినప్పుడు ఒకసారి పరీక్ష ఉంటే చాలు. అప్పుడు ఆ ఖర్చు అమ్మేవాడి మీద పడుతుంది, ఇప్పటిలా కొన్నవాడి మీద కాదు. చాలా ఊళ్లలో వైట్ బోర్డు ఓమ్నీలే బడి పిల్లలను మోస్తున్నాయి. అనుమతి లేకుండా అలా తిప్పడం చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, పొద్దున ఎనిమిదింటికి అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలు కూర్చున్న సీట్ల కింద రేకు ఎలా ఉందో పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ అధికారికంగా చూడలేదన్నది ఆ తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసు?

భాష సంగతి ఒకటి మిగిలింది. యంత్రం ఇచ్చే రిపోర్టు మా పెద్దవాళ్లు చాలామంది చదవలేరు. ఫెయిలైన అంశం ఏమిటో బ్రోకరు చెప్పిందే వేదం అవుతుంది. ఒక లైటు మార్చాల్సిన చోట నాలుగు పనులకు డబ్బు కట్టినవాళ్లను మేము చూశాం. జనాభాలో 15 శాతం, ఆపైన మైనారిటీ భాష వాళ్లున్న చోట ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ మెమొరాండం చెబుతోంది. ఫిట్‌నెస్ పరీక్షలో ఏమేం చూస్తారు, రుసుము ఎంత, ఫెయిలైతే మళ్లీ ఎలా వెళ్లాలి అన్న ఒక్క పేజీని తెలుగులో గోడకు అంటించమని అడగడం పెద్ద కోరికేమీ కాదు. యానాంలో ఈ చిక్కు లేదు. అయితే అక్కడ ఏ నిర్ణయమైనా పుదుచ్చేరి నుంచి కదలాలి.

ఈ రెండు కోరికలతో, అంటే మోడల్ వారీ ఫలితాలు బయట పెట్టడం, పరీక్ష వివరాలు తెలుగులో ఇవ్వడం, రాష్ట్ర రవాణా శాఖకూ భాషా మైనారిటీల కమిషనర్‌కూ వేర్వేరుగా వినతిపత్రాలు రాస్తున్నాం. షోలాపూరు, బరంపురం, బళ్లారి, కోలారు సంఘాల వాళ్లు తమ దగ్గర ఎఫ్‌సీకి వెళ్లి ఫెయిలైన బండ్ల రిపోర్టు నకళ్లు యజమాని అనుమతితో పంపితే వాటిని జత చేస్తాం. పేరు, నంబరు కొట్టేసి పంపండి. మోడల్, తయారీ సంవత్సరం, ఫెయిలైన అంశం కనబడితే చాలు.