ఇంటిలోకి వచ్చిన నీరు ఎక్కడిది?

సూరత్‌ నుంచి ముంబయి వైపు పోయే రైలు మార్గంలో ఉధనా దాటిన తరువాత వచ్చే స్టేషను భేస్తాన్. ఒకప్పుడు ఊరి వెలుపలి పల్లె. నేడు మహానగరంలో భాగం. మరమగ్గాల చప్పుడు ఎడతెగని ఈ దక్షిణపు పేటలకు వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన నేతకుటుంబాలు ఎన్నో ఉన్నవి. పైసా పైసా కూడబెట్టి రెండు గదుల ఇల్లు కొనుక్కున్న నేతగానికి ఆ ఇల్లే జీవితకాలపు సంపాదన.

సూరత్‌కు నీటిభయం కొత్తది కాదు. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడువగా తాపీ నది నగరంలో అధికభాగాన్ని ముంచివేసింది. భేస్తాన్ తాపీకి ఎడంగా ఉన్నది; అక్కడివారు ఎక్కువగా భయపడేది ఖాడీలకు. ఖాడీ అంటే ఆ ప్రాంతపు వాడుకలో వాగు. కుండపోతగా వాన కురిస్తే ఖాడీ నిండుతుంది, మురుగుకాలువ ఎదురుతన్నుతుంది, పోవడానికి దారిలేని నీరు గడప దాటుతుంది. 2025 జూన్‌లో కూడా ఖాడీలు పొంగి సూరత్‌లోని పల్లపు పేటలలో నీరు నిలిచింది.

నీరు తీసిన తరువాత బీమా కంపెనీతో తగవు మొదలవుతుంది. వచ్చినది వరదనీరా, వాననీరా, లేక గోడలో ఏనాటినుంచో ఊరుతున్న చెమ్మా? నానిన పరుపుకు, పాడైన బియ్యానికి ఈ భేదం తెలియదు. పాలసీ కాగితానికి మాత్రం తెలుసును. తుపాను, వరద, ముంపు అని అందులో వ్రాసి ఉంటుంది. కాలక్రమేణా వచ్చిన శిథిలతకు పరిహారం ఉండదు.

ఈ మాటల అర్థంపై తగాదా సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. జె.కె. సిమెంట్ వర్క్స్ వారి బొగ్గునిల్వ పెనువానకు నష్టపోగా, ఇది భారీవర్షమేగాని వరద కాదని ఓరియంటల్ ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం నిరాకరించింది. 2020లో న్యాయస్థానం ఈ వాదాన్ని త్రోసిపుచ్చింది. వరద అంటే నది గట్టు తెగడమే కానక్కరలేదు; పొడినేలపై పెద్దయెత్తున నీరు చేరడం కూడా ఆ మాటలోకి వస్తుందని దాని భావం. సిమెంటు కర్మాగారం తెచ్చుకున్న ఆ తీర్పు ఖాడీ ఒడ్డు ఇంటికీ పనికివచ్చేదే.

అమెరికాలో చిక్కు మరొక తీరుగా ఉన్నది. అక్కడ మామూలు గృహబీమాలో గాలి నష్టం చేరుతుంది, వరద చేరదు. వరదకు వేరే పాలసీ తీసుకోవాలి. 2005లో కత్రినా తుపాను తరువాత పునాదులు మాత్రమే మిగిలిన ఇండ్లను చూపి, కూల్చినది గాలియా నీరా అని వాదులాడుకున్నారు. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ‘భారత్ గృహరక్ష’ పాలసీ తుపానును, వరదను కలిపే స్వీకరిస్తుంది. అంతకుముందు చెల్లుబాటులో ఉన్న అగ్నిబీమా పాలసీలలో ప్రీమియం తగ్గింపు కోసం తుపాను-వరద అంశాన్ని తీసివేయించుకునే వీలుండేది. నాలుగు రూకలు మిగులుతాయని సంతకం చేసినవారు ఆ సంగతి ఇల్లు మునిగినప్పుడు గాని గుర్తించేవారు కారు.

నేతపేటలలో మరొక చిక్కున్నది. సిరిసిల్ల వారు సాంచా అని పిలిచే మరమగ్గమో, మడతపెట్టవలసిన చీరెల కట్టలో ఇంటి ముందుగదిలోనే ఉంటవి. గృహబీమా మంచాలకు, బీరువాలకు వర్తిస్తుంది గాని వ్యాపారపు సరకుకు వర్తించదు. దానికి వేరే పాలసీ ఉండవలసిందే. తక్కువ మొత్తానికి బీమా చేసినవారికి పాత పద్ధతిలో మరొక దెబ్బ: 20 లక్షల ఇంటికి 10 లక్షల బీమా ఉండి 4 లక్షల నష్టం జరిగితే చేతికి వచ్చేది 2 లక్షలే. గృహరక్షలో ఈ కోత లేదు.

నష్టాన్ని మదింపు వేయడానికి వచ్చే సర్వేయరు మాట బ్రహ్మవాక్కు కాదు. అతని నివేదికే తుది మాట కాదని ఒక వాహనప్రమాదపు తగాదాలో సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది. అయితే దానిని కాదనడానికి ఇంటివాని చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే గోడమీది మరక అన్నిటికన్న మంచి సాక్షి. సున్నం వేయకముందే దానిని ఫోటో తీయించాలి, నానిన వస్తువులను సర్వేయరు చూసేవరకు పారవేయరాదు. ఆనాటి వానలెక్క వాతావరణశాఖ వద్ద, ఖాడీ నీటిమట్టం నగరపాలక సంస్థ వద్ద దొరుకుతవి.

‘పూర్తిగా ముట్టినది’ అన్న రసీదుపై ఆదుర్దాలో సంతకం చేసినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. ఆ సంతకం మోసంతోనో ఒత్తిడితోనో తీసుకున్నదని రుజువైతే వినియోగదారుని హక్కు పోదని 1999లోనే తీర్పు వచ్చింది. కాని రుజువు చేసే భారం సంతకం చేసినవానిదే.

కంపెనీకి వ్రాతమూలకంగా ఫిర్యాదు చేసి, నెలరోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. గుజరాత్‌వారికి అహమ్మదాబాదులో, తెలంగాణవారికి హైదరాబాదులో ఆ కార్యాలయాలున్నవి. రుసుము లేదు, ప్లీడరు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది, ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడవలసిందే. అయితే కంపెనీ నిరాకరించిన నాటినుంచి ఒక ఏడాదిలోగా అక్కడికి చేరుకోవాలి.