ఇంటి మీద బెంగ పెట్టుకున్న కుర్రాడు ప్రపంచకప్ గెలిచాడు

సంపాదకునికి,



శిక్షణ శిబిరాల నుంచి మధ్యలోనే ఇంటిదారి పట్టే పిల్లల గురించి ఇటీవల మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంటి మీద బెంగ పెట్టుకునేవాడు పెద్ద ఆటగాడు కాలేడని, అలాంటివాళ్లను మొదట్లోనే ఏరివేయడం మంచిదని వ్యాసకర్త తేల్చేశారు. ఆ మాట సరికాదు. దాన్ని కాదనడానికి 2024 డిసెంబరులో ఆటకు వీడ్కోలు చెప్పిన స్పెయిన్ వింగర్ హెసుస్ నవాస్ ఒక్కడు చాలు.

నవాస్ 1985లో సెవిల్లా నగరానికి దగ్గర్లోని లోస్ పలాసియోస్‌లో పుట్టాడు. సెవిల్లా క్లబ్ అకాడమీలో పెరిగి, 2003 నవంబరులో, పద్దెనిమిదేళ్లు నిండిన రోజుల్లోనే సీనియర్ జట్టుకు ఆడాడు. కుడి అంచు వెంబడి అతను దూసుకుపోతుంటే పట్టుకోవడం డిఫెండర్ల తరం అయ్యేది కాదు. కానీ ఇల్లు విడిచి కొన్నాళ్లు ఉండాల్సి వస్తే చాలు, తీవ్రమైన ఆందోళన ముంచుకొచ్చేది. స్పెయిన్ యువ జట్టు శిబిరం నుంచి వెనక్కి రావాల్సి వచ్చింది. చెల్సీ అతన్ని తీసుకోవాలనుకుంటోందని వార్తలు వచ్చినా ఆ బదిలీ జరగలేదు. 2008లో స్పెయిన్ యూరో కప్ గెలిచినప్పుడు జట్టులో అతను లేడు.

మీ వ్యాసకర్త లెక్క ప్రకారం ఈ కుర్రాడి కథ అక్కడితో ముగియాలి. సెవిల్లా అలా ముగించలేదు. ఆడించడం మానలేదు. మ్యాచ్ ఆడి తిరిగొచ్చే ప్రయాణాలు అతను తట్టుకోగలడు. వారాల తరబడి పరాయి చోట ఉండటమే అతని వల్ల కాలేదు. ఈ తేడాను సెవిల్లా గుర్తించింది కాబట్టి అతని ఆట ఆగలేదు. 2006లో ఐండ్‌హోవెన్‌లో, 2007లో గ్లాస్గోలో జరిగిన యూఫా కప్ ఫైనళ్లు రెండింటిలోనూ ఆడాడు, రెండూ గెలిచాడు. మరోపక్క మానసిక నిపుణుల సాయంతో భయాన్ని మెల్లమెల్లగా అదుపులోకి తెచ్చుకున్నాడు. చివరికి 2009 నవంబరులో అర్జెంటీనాపై స్పెయిన్ సీనియర్ జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. సెవిల్లా అకాడమీ రోజుల నుంచి తెలిసిన సెర్హియో రామోస్ ఆ జట్టులోనే ఉన్నాడు.

తర్వాత ఏడు నెలలకే దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్. ఇంటికి వేల మైళ్ల దూరం, వారాల తరబడి బస. 2010 జులై 11న జొహానెస్‌బర్గ్‌లో నెదర్లాండ్స్‌తో ఫైనల్. అరవయ్యో నిమిషంలో పెడ్రో స్థానంలో నవాస్ మైదానంలోకి వచ్చాడు. 116వ నిమిషంలో స్పెయిన్‌ను గెలిపించిన ఇనియెస్తా గోల్ అందరికీ గుర్తుంది. ఆ దాడి మొదలైంది మాత్రం నవాస్ కాళ్ల దగ్గరే. సొంత అర్ధభాగంలో బంతి అందుకుని, డచ్ ఆటగాళ్లను తప్పించుకుంటూ కుడి వైపు నుంచి ముందుకు పరుగెత్తింది అతనే. శిబిరంలో ఉండలేకపోయిన ఆ కుర్రాణ్ని ఎవరైనా ముందే ఏరివేసి ఉంటే, స్పెయిన్‌కు ఆ పరుగు దక్కేది కాదు.

ఆ తర్వాత కూడా అతను తొందరపడలేదు. 2013లో, ఇరవై ఏడేళ్ల వయసులో, మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు. అప్పటికే అక్కడ స్పెయిన్ సహచరుడు డేవిడ్ సిల్వా ఉన్నాడు. అదే వేసవిలో సెవిల్లా నుంచే అల్వారో నెగ్రెడో కూడా ఆ జట్టులో చేరాడు. కోచ్ పెల్లెగ్రిని మాతృభాష స్పానిష్. భాష, మనుషులు తెలిసిన చోటు కాబట్టి పరాయి దేశంలో నాలుగేళ్లు నిలదొక్కుకున్నాడు. మొదటి ఏడాదే లీగ్ టైటిల్ గెలిచాడు. సండర్లాండ్‌తో జరిగిన 2014 లీగ్ కప్ ఫైనల్లో గోల్ కూడా చేశాడు.

2017లో సెవిల్లాకు తిరిగి వచ్చాడు. వేగం తగ్గే వయసులో రైట్ బ్యాక్‌గా మారి మరో ఏడేళ్లు ఆడాడు. కెప్టెన్‌గా 2020 యూరోపా లీగ్ కప్పు అందుకున్నాడు. 2023 ఫైనల్లో రోమాపై సెవిల్లా స్కోరు సమం చేసింది అతను వేసిన క్రాస్ నుంచే. 2024 యూరోలో, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, ఫ్రాన్స్‌తో సెమీఫైనల్ ఆరంభం నుంచే బరిలో దిగి ఎంబాపేకు ఎదురునిలిచాడు. 2010 ప్రపంచకప్ జట్టులోంచి ఆ యూరో జట్టులో మిగిలింది అతనొక్కడే. సెవిల్లా తరఫున 700కు పైగా మ్యాచ్‌లు ఆడి క్లబ్ రికార్డు నెలకొల్పాడు. ఆ క్లబ్ శిక్షణ కేంద్రంలోని స్టేడియానికి 2018లోనే అతని పేరు పెట్టారు.

'అంత ప్రతిభ ఉన్నవాడికి ఎవరైనా మినహాయింపు ఇస్తారు, మామూలు పిల్లల సంగతేమిటి?' అని కొందరు అడగవచ్చు. సెవిల్లా ఓపిక పట్టిన నాటికి నవాస్ ప్రపంచ చాంపియన్ కాడు, ఊళ్లో అకాడమీ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఇంకొకరు, 'చివరికి ఇల్లు వదిలాకే కదా గెలిచాడు' అనవచ్చు. నిజమే, వదిలాడు. తొలి మ్యాచ్ తర్వాత జాతీయ జట్టు దాకా రావడానికి ఆరేళ్లు, అక్కడి నుంచి విదేశానికి వెళ్లడానికి మరో నాలుగేళ్లు పట్టింది. నాటిన మర్నాడే కాయ కాయలేదని మొక్కను పీకేసే రైతు ఎవరూ ఉండరు. పిల్లల విషయంలోనూ ఆ మాత్రం ఓర్పు కావాలి.

ఇదంతా స్పెయిన్ ముచ్చటగా వదిలేయలేను. హకీంపేట క్రీడా పాఠశాల వంటి చోట్లకు, ఎన్నో వసతి అకాడమీలకు మన పిల్లలు చిన్న వయసులోనే వెళుతున్నారు. తొలి నెలల్లో ఏడ్చే పిల్లవాడిని ఆటలో బలహీనుడని ముద్ర వేయకూడదు. ఇంటికి తరచూ ఫోన్ చేసుకునే వీలు ఉండాలి. పిల్లల మనసు తెలిసిన సలహాదారు ప్రతి హాస్టల్‌లోనూ ఉండాలి. ఇంటికి వెళ్లిపోయిన పిల్లవాడి పేరు వెంటనే కొట్టేయకుండా, కొంతకాలం తర్వాత మళ్లీ రమ్మని పిలవాలి. కుదిరితే ఇంటి దగ్గరే ఉండి రోజూ వచ్చి శిక్షణ తీసుకునే దారి చూపాలి. వీటిలో ఏదీ కోట్లు ఖర్చయ్యే పని కాదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. శిబిరం వదిలి వెళ్లిన పిల్లల గురించి రాసేటప్పుడు 'పారిపోయాడు', 'క్రమశిక్షణ లేదు' అనే మాటలు వాడకండి. ఆ వార్తను ఊళ్లో అందరూ చదువుతారు, ఆ పిల్లవాడూ చదువుతాడు. ఎందుకు వెళ్లాడో, తిరిగి రావడానికి ఏం కావాలో అడిగి రాయండి. క్రీడా అధికారులను కూడా అదే ప్రశ్న అడగండి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
హనుమకొండ.