కిరాయి గడువు: క్రొత్త యజమానులకు కొన్ని మాటలు

పొలమమ్మిన పైకముతోనో, ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతోనో హైదరాబాదు నగరమున నాంపల్లి, ఆబిడ్సు ప్రాంతములందు ఒక మల్గియో రెండు గదులో కొని కిరాయికిచ్చు రైతులు కొందరున్నారు. నిన్నటివరకు శిస్తు కట్టినవారు నేడు కిరాయి పుచ్చుకొనువారైరి. నెల మొదటి వారము గడచియు కిరాయి చేతికి రానపుడు ఏమి చేయవలయునో వీరిలో పెక్కురకు తోచదు. కొందరు మొగమోటముచే నెలలకొలది మాటాడక యూరకుందురు. పిమ్మట నొకనాడు కోపము పట్టజాలక మల్గికి తాళము వేయుదురు. ఈ రెండును తప్పులేయని మా యభిప్రాయము. గడువనునది యజమాని మనస్సు మంచిగానున్ననాడు చూపెడి దయ గాదు. ముందుగా వ్రాసికొనవలసిన యేర్పాటు.

చెరువు క్రింద సేద్యము చేయువారికి ఈ సంగతి క్రొత్తది గాదు. తూము నీటికి వంతులున్నవి. ఎవరి వంతు ఏ పూట వచ్చునో ఊరందరికి తెలియును గనుకనే చివరి మడికిని నీరందుచున్నది. వంతు లేనిచోట కలహమే మిగులును. కిరాయియు నట్టిదే.

కిరాయి ఆలస్యమగుటకు గల కారణములను మొదట విచారింపవలయును. ఆబిడ్సు వర్తకుల చోటు. ఆరవ నిజాము కొలువున నుండిన ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మీనియా దేశస్థుని అంగడిని బట్టి దానికా పేరు వచ్చెను. నాంపల్లి మైదానమున ఏటేట జనవరి నెలలో నుమాయిషు ప్రారంభమగును. అందు దుకాణము పెట్టువాడు సరుకునకు ముందే సొమ్ము పెట్టును. అమ్మకము తరువాత వచ్చును. విత్తు చల్లిననాడు రైతు చేతిలో రొక్కముండదను మాట మనకు తెలియనిదా? నెలజీతముపై బ్రతుకువాని సంగతి వేరు. వానికి జీతమందిన మూడు నాలుగు దినములలో కిరాయి చెల్లించుట సుళువు. కావున కిరాయిదారు రాబడి యెప్పుడు వచ్చునో యడిగి, దానికి తగిన వాయిదా తేదిని పెట్టుట మొదటి పని.

ఇక చట్టము. 1960వ సంవత్సరపు భవనముల కిరాయి నియంత్రణ చట్టమున ఒక నియమము గలదు. ఒప్పందమున తేది వ్రాసియున్నచో, ఆ తేది దాటిన పిమ్మట 15 దినములవరకు కిరాయిదారునకు గడువు కలదు. తేది వ్రాయనిచో జనవరి కిరాయిని ఫిబ్రవరి కడపటి దినమువరకు చెల్లింపవచ్చును. అనగా నోటిమాటతో మల్గి నిచ్చిన యజమానియే ఎక్కువ దినములు వేచియుండవలయును! బాకీ బుద్ధిపూర్వకము గాదని కంట్రోలరునకు తోచినచో, మరి 15 దినములకు మించకుండ గడువీయవచ్చును. అయితే 2005 నాటి సవరణ ననుసరించి, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన కిరాయిగల కట్టడములకు ఈ చట్టము వర్తింపదు. అట్టివానికి 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమును, మీరు వ్రాసికొనిన కిరాయినామాయునే ఆధారము. కావున కాగితము లేక తాళపుచెవి నీయరాదు.

ఆ కాగితమున వాయిదా తేదిని, దానిపై ఐదు దినములో ఏడు దినములో గడువును, గడువు దాటినచో చెల్లింపవలసిన స్వల్పమగు అపరాధమును స్పష్టముగా వ్రాయుడు. అపరాధము భారముగా పెట్టిన లాభము లేదు. 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము న్యాయస్థానము సమంజసమైనంత మాత్రమే యిప్పించును. కిరాయినామాను రిజిస్టరు చేయింపవలయును. పుచ్చుకొనిన ప్రతి పైకమునకు రసీదు నీయుడు. ఒక నెల ప్రత్యేకముగా గడువిచ్చినచో “ఈ నెలకు మాత్రమే” యని వ్రాసి యిరువురును సంతకము చేయుడు. లేనిచో నేటి మన్నింపు రేపటికి వాడుకయగును.

గడువు దాటిన మరునాడే మర్యాదగా జ్ఞాపకము చేయుడు. వారము గడచినను రానిచో వ్రాతమూలముగా తెలుపుడు. అప్పటికిని రానిచో వకీలు ద్వారా నోటీసు పంపుడు. మల్గికి తాళము వేయుట, నీరు, కరెంటు ఆపుట మాత్రము ఎన్నడును కూడదు. న్యాయమార్గమున గాక వెళ్లగొట్టబడినవాడు 1963వ సంవత్సరపు నిర్దిష్ట ఉపశమన చట్టము 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోపల దావా వేసి స్వాధీనమును మరల పొందవచ్చును. అప్పుడు బాకీపడినవాడు వాదియై, సొమ్ము రావలసినవాడు ప్రతివాదియగును.

“ఆ కిరాయితోనే సంఘపు అప్పు వాయిదా కట్టవలయును, మేమెట్లు ఓపిక పట్టుదుము?” అని సభ్యులడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కిరాయి వాయిదాకును సంఘపు వాయిదాకును నడుమ పది పదునైదు దినములైన ఎడముండునట్లు చూచుకొనుడు. మొదటి సంవత్సరముననే ఒక నెల కిరాయికి సమానమగు సొమ్మును సంఘమున పొదుపుగా నిలువచేయుడు. వాన తప్పిన యేటికి గాదెలో గింజలు దాచువారికి ఈ జాగ్రత్త యొకరు నేర్పవలసినది గాదు. ఆ నిలువ లేని యజమాని, కిరాయిదారు ఒక వారము తడసినంతనే తానును బాకీదారగును. బాకీభయముననే మాట తూలును.

శిస్తు గడువుకై కచ్చేరి వాకిట నిలువబడినవారు మన పెద్దలలో నెందరో కలరు. ఆనాడు వారు కోరినది మాఫీ గాదు. పంట చేతికి వచ్చువరకు నమ్మకము. నేడు మనము యజమానులమైనపుడు ఆ నమ్మకమునే కాగితముపై పెట్టి, తేది వేసి, కిరాయిదారునకిత్తుము గాక.