గయ కాదు అత్తయ్యా, గయానా



"గయకా? మంచిది. మీ మామయ్యగారి పేరున పిండప్రదానం చేయించి రండమ్మా" అన్నారు మా అత్తయ్య. గయ కాదు, గయానా అంటే "అదెక్కడ?" అన్నారు. ఆవిడనే అనడానికి లేదు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సగం మంది ఘనా అనుకున్నారు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోమని సలహా కూడా ఇచ్చారు. (టీకా మాట నిజమే. అది తర్వాత చెప్తాను.)

ప్రతి జూన్‌లో మన స్కూల్ న్యూస్‌లెటర్‌లో పిల్లల హాలిడే ఫొటోలు వేస్తారు కదా. దుబాయ్, సింగపూర్, న్యూయార్క్. బ్యాక్‌గ్రౌండ్ చూసి ఎవరి పిల్లలో చెప్పలేం, అన్నీ ఒకేలా ఉంటాయి. మా ఫొటో కూడా ఒకసారి పడింది, అందుకే ఈ మాట అనే ధైర్యం చేస్తున్నాను. అమెరికాలో అన్నయ్యో మరిదో ఉండి ఎలాగూ అంత దూరం వెళ్లేవాళ్లు, డిస్నీ రెండోసారి చూసే డబ్బుతో గయానా చూస్తే మేలు. న్యూయార్క్ నుంచి రాజధాని జార్జ్‌టౌన్‌కి నేరుగా విమానం ఉంది. సుమారు ఆరు గంటలు. దక్షిణ అమెరికాలో ఇంగ్లిష్ అధికార భాషగా ఉన్న దేశం అదొక్కటే కాబట్టి పిల్లలే అందరితో మాట్లాడుకుంటారు.

మేం వెళ్లడానికి కారణం మా పాప పదో తరగతి సోషల్ పుస్తకం. అందులో ఒప్పంద కూలీల గురించి కొద్దిగా ఉంటుంది. వెస్టిండీస్ క్రికెటర్లు చందర్‌పాల్, శర్వాన్ పేర్లు మన పేర్లలా ఎందుకున్నాయో అక్కడే చెప్పారు. పాప దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టి మర్చిపోయింది. అది మాత్రం నాకు నచ్చలేదు.

బ్రిటిష్ వాళ్లు 1834లో బానిసత్వం రద్దు చేశారు. చెరకు తోటల యజమానులకు కూలీలు కావాలి. తర్వాత ఇంగ్లండ్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ తండ్రికి అక్కడ తోటలుండేవి. మనుషులను పంపమని కలకత్తా కంపెనీకి ఉత్తరం రాసింది ఆయనే. విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడల్లో బయల్దేరినవాళ్లు 1838 మే 5న అక్కడ దిగారు, దాదాపు 400 మంది. అప్పటిదాకా బానిసలున్న ఇళ్లలోనే వీళ్లనూ పెట్టారు. పనికి రాకపోతే జైలు. 1917 వరకు సుమారు 2,39,000 మంది వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా నుంచి, కొంతమంది మన మద్రాసు రేవు నుంచి. మద్రాసు ఓడ ఎక్కినవాళ్లు తమిళులైనా తెలుగువాళ్లైనా అక్కడ "మద్రాసీ"లే. వీరసామి పెర్మాల్ అని వెస్టిండీస్‌కి ఆడిన స్పిన్నర్ ఉన్నాడు. ఆ పేరు ఎక్కడిదో మనకు ఒకరు చెప్పాలా?

మే 5 అక్కడ సెలవు రోజు. జార్జ్‌టౌన్‌లో విట్‌బీ ఓడ నమూనా పెట్టిన తోట ఒకటుంది. చీర కట్టుకున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగారు. వాళ్ల నాయనమ్మ తరఫువాళ్లు మద్రాసీలట. "ఏ భాష మాట్లాడేవారు?" అని పాప అడిగితే "మద్రాస్ భాష" అన్నారు. అంతకుమించి ఆవిడకు తెలియదు. పాప కాసేపు మాట్లాడలేదు. హోటల్‌కి వచ్చాక ఆ పాఠం మళ్లీ ఫోన్‌లో తీసి చదువుకుంది. నేను చెప్పకుండానే.

తిండి గురించి భయపడకండి. దాల్ పూరీ, వంకాయ చోఖా, పులౌరీ ఎక్కడైనా దొరుకుతాయి. హిందువుల పెళ్లిళ్లలో "సెవెన్ కర్రీ" అని గుమ్మడికాయ, మామిడికాయ, శనగలు, ఆకుకూర లాంటి ఏడు కూరలు తామరాకులో అన్నంతో వడ్డిస్తారు. మాంసం తినేవాళ్లైతే పెప్పర్‌పాట్ వదలొద్దు. అది అక్కడి ఆదివాసుల వంట. చేదు కర్రపెండలం రసంలో సైనైడ్ ఉంటుంది. దాన్ని గంటలకొద్దీ మరిగించి విషం పోగొట్టి, నల్లటి పాకంలా చేసి అందులో మాంసం వండుతారు. మా కెమిస్ట్రీ సార్‌కి చెప్పాలని బాబు ఉవ్విళ్లూరాడు.

ఇక అడవి. దేశంలో 85 శాతం పైగా అడవే. జనమంతా సముద్రం ఒడ్డున ఇరుకు పట్టీలో ఉంటారు, అదీ సముద్రమట్టం కంటే పల్లం. కైటూర్ జలపాతానికి చిన్న విమానంలో గంట ప్రయాణం. 226 మీటర్లు ఒక్కటే దూకు, నయాగరాకి నాలుగింతలు పైమాటే. అంచున రెయిలింగ్ లేదు. నేను బాబు చెయ్యి వదల్లేదు. అక్కడి పెద్ద పెద్ద బ్రొమీలియాడ్ మొక్కల ఆకుల మధ్య నిలిచే నీళ్లలోనే జీవితమంతా గడిపే బంగారు రంగు కప్పలుంటాయి, వేలి గోరంత. హోట్సిన్ అనే జాతీయ పక్షి ఆకులు తిని ఆవులా కడుపులో పులియబెట్టుకుంటుంది. దాని పిల్లలకు రెక్కల మీద గోళ్లుంటాయి.

కష్టాలూ చెప్పాలి. చవక కాదు. సముద్రంలో చమురు పడ్డాక ధరలు పెరిగాయి. చీకటి పడ్డాక జార్జ్‌టౌన్ వీధుల్లో నడవకండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్ట్‌లోనే క్వారంటైన్ చేస్తారు. లోపలి అడవుల్లో మలేరియా ఉంది, డాక్టర్‌ని అడగండి.

మేం చేసిన పెద్ద తప్పు నెల. మన వేసవి వాళ్ల వానాకాలం. జలపాతం నిండుగా ఉంది కానీ, దక్షిణాన రుపునుని గడ్డి మైదానాల దారులు నీళ్లలో మునిగాయి. అక్కడే తల నుంచి తోక దాకా మనిషికంటే పొడవుండే, చీమలు తినే జంతువు ఉంటుంది. బాబు దానికోసమే వచ్చాడు. మీరు వెళ్తే దసరా సెలవుల్లో వెళ్లండి. మా బాబు ఇప్పటికే క్యాలెండర్‌లో దసరాకి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఫ్రిజ్‌కి అంటించాడు. మావారు ఇంకా ఏమీ అనలేదు.