సంతకంతో చెల్లిపోని హక్కులు

లక్డీకాపూల్‌లో రాష్ట్ర డీజీపీ కార్యాలయం ఉంది. అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే నాంపల్లి క్రిమినల్ కోర్టులు, మరికొంత దూరంలో హైదరాబాద్ జిల్లా కలెక్టరేట్. కేసు నమోదు చేయవలసిన యంత్రాంగం, విచారణ జరపవలసిన యంత్రాంగం, పరిహారం చెల్లించవలసిన యంత్రాంగం ఇంత దగ్గరగా ఉన్న చోటు రాష్ట్రంలో మరొకటి ఉండదేమో. ఈ మూడింటికీ పోటీగా, ఏ బోర్డూ లేకుండా నడిచే నాలుగో యంత్రాంగం మరొకటి ఉంది. దానికి కావలసింది స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షులు.

పరిశోధనలో భాగంగా అటువంటి రాజీ పత్రాలను కొన్నేళ్లుగా చదువుతున్నాను. ఊరు మారినా, నేరం మారినా వాటి వాక్యాలు మాత్రం పెద్దగా మారవు. పూర్తి ఇష్టంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఫలానా మొత్తం పుచ్చుకొన్నామని, ఇకమీదట తమకు గానీ తమ వారసులకు గానీ ఏ కోర్టులోనూ ఎటువంటి తకరారూ లేదని అందులో ఉంటుంది. పాత దస్తావేజుల భాషలో దీన్ని ఫారికత్తు అనేవారు. ఆస్తి పంచుకొన్న అన్నదమ్ములు రాసుకొన్న మాటలనే ఇప్పుడు మ్యాన్‌హోల్‌లో భర్తను పోగొట్టుకొన్న స్త్రీ చేత, కులం పేరుతో తిట్లు తిన్న కూలీ చేత రాయిస్తున్నారు. అన్నదమ్ముల మధ్య పంచుకోవడానికి ఆస్తి అయినా ఉంటుంది. ఇక్కడ ఒక పక్షం చేతిలో డబ్బు, పలుకుబడి ఉంటే, రెండో పక్షం చేతిలో ఉన్నది కేసు పెట్టే హక్కు ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ కొనుగోలు చేస్తారు.

ముందుగా మ్యాన్‌హోల్ మరణాల సంగతి చూద్దాం. 2021 ఆగస్టులో నగరంలోని సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఒకరి దేహం కోసం రోజుల తరబడి వెతకవలసి వచ్చింది. ఇటువంటి మరణానికి సుప్రీంకోర్టు 2014 మార్చిలో సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో 10 లక్షల పరిహారం నిర్ణయించింది. 2023 అక్టోబరులో బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఇది ప్రభుత్వం తీర్చవలసిన బాధ్యత. కాంట్రాక్టరుకూ మృతుడి కుటుంబానికీ మధ్య జరిగిన ఒప్పందంలో ప్రభుత్వం పక్షమే కాదు. కనుక ఆ ఒప్పందంలో ఏం రాసుకొన్నా 30 లక్షల హక్కు పోదు. రక్షణ పరికరాలు లేకుండా మురుగుకాలువలోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం పోలీసులు తమంతట తామే కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా లభించని నేరం. నేర విచారణను అణచివేయడానికి చేసుకొనే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదని మన న్యాయస్థానాలు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాయి.

ఈ సూత్రం మనకు కొత్తగా వచ్చింది కాదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టాన్ని తెరిచి చూడండి. పరిహారపు హక్కును కార్మికుడు వదులుకొంటూ చేసుకొనే ఏ ఒప్పందమూ చెల్లదని 17వ సెక్షన్ చెప్పింది. 8వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. మరణ పరిహారాన్ని యజమాని కమిషనరు వద్ద జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చిన సొమ్ము, పరిమిత అడ్వాన్సు తప్ప, పరిహారం చెల్లించినట్లు లెక్కకు రాదు. శవం ఇంటి ముందు ఉండగా బేరం కూర్చుంటే ఏం జరుగుతుందో వలస పాలకులకు సైతం తెలుసన్నమాట. ఆ చట్టం ఇటీవలే సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. అది గుర్తించిన అసమానత మాత్రం ఎక్కడికీ పోలేదు.

చెల్లని కాగితానికి అంత గిరాకీ ఎందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఆ కాగితాన్ని రాసేది కోర్టులో గెలవడానికి కాదు, కోర్టుదాకా ఎవరూ వెళ్లకుండా చూడటానికి. స్టేషన్‌లో ఎస్సైకి చూపిస్తే ‘వాళ్లు రాజీ పడ్డారు’ అన్న మాటతో ఫైలు మందగిస్తుంది. ఏడాది తరువాత ఎవరో 30 లక్షల సంగతి చెబితే, ‘మేం సంతకం పెట్టేశాం కదా సార్’ అని ఆ కుటుంబమే వెనక్కి తగ్గుతుంది. మాట ఇచ్చాక తప్పకూడదన్న నీతి పేదవాళ్లలో బలంగా ఉంటుంది. కాగితం రాయించేవాళ్లు ఆధారపడేది చట్టం మీద కాదు, ఆ నీతి మీదే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసుల్లో పరిస్థితి ఇంకా చిక్కుముడి. ఈ చట్టంలోని నేరాలు కక్షిదారులు తమలో తాము రాజీ చేసుకోదగిన జాబితాలో లేవు. అయితే 2021 అక్టోబరు 25న రామావతార్ కేసులో సుప్రీంకోర్టు ఒక ద్వారం తెరిచింది. మధ్యప్రదేశ్‌లో ఇరుగుపొరుగువారి మధ్య ఆస్తి తగాదా, ఇటుక విసరడం, కులదూషణ. 1994 నాటి ఘటన. ఆరు నెలల శిక్ష. రాజీ కుదిరిందని ఆ శిక్షను కోర్టు రద్దు చేసింది. నేరం ప్రధానంగా వ్యక్తిగతమైనదో, సివిల్ స్వభావం కలదో అయినప్పుడు, కులం కారణంగా జరగనప్పుడు కేసును కొట్టివేయవచ్చని చెప్పింది. ఎంతో జాగ్రత్త వహించాలన్న హెచ్చరిక కూడా ఆ తీర్పులోనే ఉంది. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ అధ్యక్షతన కూర్చున్న ధర్మాసనం అది. ద్వారం గుర్తున్నంతగా హెచ్చరిక గుర్తుండదని నా భయం.

ఆ తీర్పులోని తర్కంతో నాకు విభేదం ఉంది. మన సమాజంలో ‘వ్యక్తిగత తగాదా’ ఏది? గట్టు తగాదా, నీళ్ల తగాదా, బాకీ తగాదా అన్నీ వ్యక్తిగతంగానే మొదలవుతాయి. అవతలివాడు దళితుడని తెలియగానే నోట్లోకి వచ్చే మాట, పైకి లేచే చెయ్యి వేరుగా ఉంటాయి. ఆ తేడాను శిక్షించడానికే కదా 1989లో ఈ చట్టం తెచ్చింది! అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం ప్రాథమిక హక్కుల్లో భాగం. 14వ అధికరణం ఇచ్చిన సమానత్వ హక్కును పౌరుడు కోరి వదులుకొన్నా అది పోదని సుప్రీంకోర్టు 1958లో బశేశర్‌నాథ్ కేసులో తేల్చింది. అదొక ఆదాయపు పన్ను సెటిల్‌మెంట్ వ్యవహారం. 1985 జులై 10న ఓల్గా టెల్లిస్ కేసులో, తాము ఖాళీ చేస్తామని హైకోర్టుకు హామీ ఇచ్చిన బొంబాయి పేవ్‌మెంట్ వాసుల విషయంలోనూ అదే సూత్రం వర్తింపజేసింది. రాజ్యాంగ హక్కుకు హామీ పత్రం అడ్డురాదంది. పన్ను చెల్లింపుదారు వదులుకోలేని హక్కును కూలీ ఎలా వదులుకోగలడు?

‘అయితే దళితులకు రాజీపడే స్వేచ్ఛ కూడా లేదా?’ అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఓల్గా టెల్లిస్ తీర్పు వచ్చిన వారానికే, జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికివేశారు. పోరాడి తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకొన్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఇంత ఓపిక అందరికీ ఉండాలని ఆశించే అధికారం నాకు గానీ, ఎవరికి గానీ లేదు. వాయిదాలకు తిరిగి కూలి పోగొట్టుకొంటున్న మనిషి, పైన దొంగతనం కౌంటర్ కేసు మోస్తున్న మనిషి రాజీకి ఒప్పుకొంటే తప్పుపట్టను. కానీ దాన్ని స్వేచ్ఛ అని పిలవడానికి మాత్రం ఒప్పుకోను.

బాధితులు ప్రభుత్వం నుంచి పరిహారం తీసుకొని ఆపై రాజీ పడుతున్నారు గనుక నేరం రుజువైన తరువాతే డబ్బు ఇవ్వాలని 2022లో అలహాబాద్ హైకోర్టు అభిప్రాయపడింది. ఇది తలకిందుల ఆలోచన. కులదూషణ కేసుల్లో 2016 నిబంధనలు నిర్ణయించిన లక్ష రూపాయల్లో 25 శాతం ఎఫ్ఐఆర్ దశలో, 50 శాతం చార్జిషీటు దశలో, మిగతా 25 శాతం శిక్ష పడ్డాక రావాలి. మొదటి వాయిదాలు సకాలంలో అందిన మనిషికి అవతలివాళ్లు చూపే సొమ్ముతో పని తగ్గుతుంది. డబ్బు ఆలస్యమైన చోటే కాగితం చవకగా అమ్ముడుపోతుంది.

రామావతార్ తీర్పు వచ్చిన నాలుగు రోజులకే, 2021 అక్టోబరు 29న హరిరాం భంభీ కేసులో ఇదే సుప్రీంకోర్టు 15ఏ సెక్షన్ కింద బాధితులకు నోటీసు ఇవ్వడం, వారి మాట వినడం తప్పనిసరి అని చెప్పింది. రాజీ పిటిషన్‌ను పరిశీలించే న్యాయమూర్తి ఈ తీర్పును పక్కన పెట్టుకొని కూర్చోవాలి. బాధితుడిని ఎదుటి పక్షం, దాని వకీలు లేని గదిలో పిలిచి మాట్లాడాలి. ప్రభుత్వ పరిహారం ఎంత అందింది, కౌంటర్ కేసు ఏమైనా ఉందా, నిందితుడి పొలంలోనో ఇంట్లోనో పని చేస్తున్నాడా, ఈ డబ్బు ఎవరు ఎప్పుడు ఇచ్చారు అని అడిగి, జవాబులను ఉత్తర్వులో నమోదు చేయాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. ఆ వకీలు పక్కన లేకుండా ఏ రాజీనీ స్వీకరించకూడదు.

1995 నిబంధనల ప్రకారం రాష్ట్ర పోలీసు ఉన్నతాధికారి కింద పనిచేయవలసిన ఎస్సీ, ఎస్టీ రక్షణ విభాగం, ఏ స్టేషన్ పరిధిలో ఎన్ని కేసులు రాజీతో ముగిశాయో లెక్క తీయాలి. ఒకే స్టేషన్ నుంచి వరసగా రాజీలు వస్తుంటే అది విచారించదగిన విషయం. ఇక కలెక్టరేట్‌లో, ప్రైవేటు రాజీ పత్రం చూపి మ్యాన్‌హోల్ మృతుడి కుటుంబం ఫైలు మూసేముందు, కమిషనరు వద్ద సొమ్ము జమ అయిన రసీదు, 30 లక్షలు చెల్లించిన రసీదు అందులో ఉన్నాయో లేదో చూడవలసిన బాధ్యత జిల్లా కలెక్టరుదే.